పాత ఫోన్లలో గొంతులు, 3వ పాఠం: ఏఎంఆర్ ఫైలును వేవ్‌గా మార్చుకుందాం

పోయిన పాఠంలో పాత ఫోన్ మెమరీ కార్డును రీడర్‌లో పెట్టి, అందులోని రికార్డింగులన్నీ కంప్యూటర్‌లో ‘అసలు’ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాం. ఇక ఆ ఫోల్డర్‌ జోలికి వెళ్లొద్దు. అందులోంచి పేరు చివర ఏఎంఆర్ అని ఉన్న ఒక్క ఫైలును ‘పని’ అనే మరో ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఇవాళ్టి పనంతా దానిమీదే. మొదటి పాఠంలో ఎక్కించుకున్న, ఆడియో ఫైళ్లను ఒక రకంనుంచి మరో రకానికి మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ముందు ఈ ఏఎంఆర్ సంగతేమిటో తెలుసుకోవాలి. ఇది మాటను కుదించి దాచే పద్ధతి, అంటే ఒక కోడెక్. తెలియకుండా మార్చేస్తే తర్వాత వినబడే లోపాలన్నీ సాఫ్ట్‌వేర్ తప్పనుకుంటాం. మొబైల్ ప్రమాణాలు ఖరారు చేసే 3జీపీపీ సంస్థ 1999లో దీన్ని ఫోన్ మాటల కోసం ఎంచుకుంది. సెకనుకు 8000 నమూనాలు తీసుకుని, మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ కుదిస్తుంది. సెకనుకు 4.75 నుంచి 12.2 కిలోబిట్ల దాకా ఎనిమిది వేగాలున్నాయి. 3400 హెర్ట్జ్ పైనున్న శబ్దం దాదాపుగా ఏమీ మిగలదు. కాల్స్ కోసం ఈ కోడెక్ ఎలాగూ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి వాయిస్ రికార్డర్‌కూ దాన్నే వాడారు. పైగా నిమిషం రికార్డింగు వంద కేబీ లోపే.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి పాత ఫోన్‌లో రికార్డు చేసుకున్న బేరం తీసుకోండి. ఎన్ని టిక్కీలు (బస్తాలు), తేజ రకానికి క్వింటాలుకు ఎంత, కాటా ఎప్పుడు, అన్నీ ఇప్పటికీ స్పష్టంగా వినబడతాయి. ఒక మనిషి దగ్గరగా మాట్లాడే మాటకే ఇది పుట్టింది మరి. ‘స’ మాత్రం కాస్త ‘ఫ’లా వినబడుతుంది, ఎందుకంటే ‘స’లోని బుస ఎక్కువ భాగం ఆ 3400 పైనే ఉంటుంది. అదే ఫోన్‌తో తెనాలిలో పౌరాణిక నాటకం పద్యం రికార్డు చేశారనుకోండి. పద్యం మాటలు అందుతాయి. కానీ చివర రాగం తీసేచోట గొంతు గరగరలాడుతుంది, హార్మోనియం నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. ఈ కోడెక్ లోపలికొచ్చే ప్రతి శబ్దాన్నీ మనిషి గొంతుగానే లెక్కగడుతుంది. గొంతూ హార్మోనియం కలిసొస్తే ఆ లెక్క కుదరదు. అది రికార్డయిన రోజే జరిగిపోయిన నష్టం, మనం మార్చేటప్పుడు జరిగేది కాదు.

ఇక పనిలోకి. కమాండ్లను ఇక్కడ చదివి వినిపించినట్టు రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, ‘ఖాళీ’ అన్నచోట స్పేస్ బార్ నొక్కాలి. విండోస్‌లో ‘పని’ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి విండో వస్తుంది.

మార్చే ముందు ఫైలు లోపల నిజంగా ఏముందో చూడాలి. పేరు చివర ఏఎంఆర్ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఎవరో ఎప్పుడో పేరు మార్చి ఉండొచ్చు. ‘ఎఫ్ఎఫ్‌ప్రోబ్, ఖాళీ, ఫైలు పేరు’ కొట్టండి. చాలా వరుసలొస్తాయి, కంగారు పడకండి. ‘ఆడియో’ అన్న మాట ఉన్న ఒక్క వరుస చాలు. అక్కడ ఏఎంఆర్ అండర్‌స్కోర్ ఎన్‌బి, 8000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 8000 నమూనాలు), మోనో అని ఉంటే మనం అనుకున్నదే. ఎన్‌బి బదులు డబ్ల్యూబి, 16000 అని ఉంటే మీ అదృష్టం. అది వైడ్‌బ్యాండ్ రకం, 7000 హెర్ట్జ్ దాకా శబ్దం ఉంటుంది. క్యూసెల్ప్ అని వస్తే అది రిలయన్స్, టాటా ఇండికాం కాలం నాటి సీడీఎంఏ ఫోన్‌దై ఉండొచ్చు. దాన్నీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ చదవగలదు, కమాండ్ ఇదే.

ప్రోబ్ ఫైలును గుర్తుపట్టలేకపోతే ‘పని’ ఫోల్డర్‌లోని కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గుర్తులే ఉంటాయి, మొదటి వరుస మాత్రం చూడండి. సరైన ఏఎంఆర్ ఫైలు హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే ఏ, ఎం, ఆర్ అక్షరాలతో మొదలవుతుంది. ఓ, జి, జి, ఎస్ అని ఉంటే ఆగ్ ఫైలు, ఇవాళ్టి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలాంటిది. మొదట్లోనే ఎఫ్, టి, వై, పి కనబడితే 3జీపీ లేదా ఎం4ఏ. చూసి మూసేయండి. సేవ్ మాత్రం నొక్కొద్దు, నొక్కితే ఫైలు పాడవుతుంది.

ఇప్పుడు అసలు కమాండ్: ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఖాళీ, హైఫన్ ఐ, ఖాళీ, పాత ఫైలు పేరు, ఖాళీ, కొత్త ఫైలు పేరు’. పాత పేరు చివర చుక్క ఏఎంఆర్, కొత్త పేరు చివర చుక్క వేవ్ ఉండాలి. వేవ్ అంటే ఇక్కడ డబ్ల్యూ, ఏ, వి మూడే అక్షరాలు. ఫైలు పేరులో ఖాళీలుంటే పేరుకు అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

సైజు చూడండి. 12.2 వేగంతో రికార్డయిన ఏఎంఆర్‌లో సెకనుకు 1600 బైట్లు, నిమిషానికి 96,000. వేవ్‌లో నిమిషానికి 9,60,000. సరిగ్గా పది రెట్లు. దాన్ని చూసి నాణ్యత పెరిగిందనుకోవద్దు. కుదించి ఉన్నది విప్పాం, అంతే. కొందరు సెకనుకు తీసుకునే నమూనాలను 44100కు పెంచితే సీడీలా వినబడుతుందని చెబుతారు. సేరు పాలలో నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది గానీ పాలు పెరగవు. పెంచాల్సిన సందర్భం ఒకటుంది. కారులో పెన్‌డ్రైవ్‌తో వినడానికి ఎంపీ3 చేస్తే, కొన్ని ప్లేయర్లు 8000 హెర్ట్జ్ ఎంపీ3ని పాడవు. అప్పుడు కొత్త ఫైలు పేరుకు ముందు ‘హైఫన్ ఏఆర్, ఖాళీ, 44100’ చేర్చండి.

ఎంపీ3 ఎప్పుడు చేసినా వేవ్‌నుంచి గానీ అసలు ఏఎంఆర్‌నుంచి గానీ చేయండి. ఎంపీ3ని మళ్లీ మరో ఎంపీ3గా, దాన్ని ఇంకోదానిగా మారిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మార్చడం అయిపోయింది కదా అని ఏఎంఆర్‌ను డిలీట్ చేయొద్దు. రేపు ఇంతకంటే మంచి పనిముట్టు వస్తే దానికి ఇవ్వాల్సింది ఆ ఫైలునే.

వేవ్‌నుంచి తిరిగి ఏఎంఆర్ చేయడం కీప్యాడ్ ఫోన్‌కు పంపేవాళ్లకు తప్ప అక్కర్లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏఎంఆర్‌ను సొంతంగా చదవగలదు. రాయడానికి మాత్రం ఆండ్రాయిడ్‌లోంచి వచ్చిన ఓపెన్‌కోర్ లైబ్రరీ కావాలి. అది చేర్చని కాపీ మీ దగ్గరుంటే ఎన్‌కోడర్ దొరకలేదని చెబుతుంది.

ఇంత శ్రమెందుకు, ఆన్‌లైన్‌లో మార్చేసుకుంటే పోలేదా అని గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన అడిగారు. ఆయన దగ్గరున్నది పోయిన భార్య గొంతు. దాన్ని ఎవరిదో తెలియని సర్వర్‌కు ఎందుకు ఎక్కించాలి? 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఎఫ్ఎఫ్ఎంపెగ్ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. నెట్ ఆపేసినా మన కంప్యూటర్‌లోనే పనంతా అయిపోతుంది. రికార్డు చేసిన ఫోన్ కంపెనీ మూతపడినా ఆ ఫైలు చదివే దారి మూసుకుపోదు. డబ్బు పెట్టి కొనే కన్వర్టర్లకంటే దీన్నే నేర్చుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

ఒక్క జాగ్రత్త మిగిలింది. కొత్త వేవ్‌కు ఇవాళ్టి తేదీ పడుతుంది. కాబట్టి పాత ఫైలు తేదీ చూసి, దాన్ని కొత్త ఫైలు పేరులోనే రాయండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఎవరి గొంతు. బ్యాటరీ తీస్తే గడియారం మొదటికొచ్చే ఫోన్లుండేవి, పాత తేదీ మీకు అనుమానంగా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రికార్డింగు వినిపించి అడగండి. పెళ్లో, పంటో, ఎన్నికలో ఏదో ఒక ఆనవాలు చెబుతారు.

నాలుగో పాఠంలో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మార్చడం, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రికార్డింగు వెనక వినబడే బుస తగ్గించడం చూద్దాం. అప్పటికి మూడు ఫైళ్లు సిద్ధం చేసుకోండి: మాట ఉన్నదొకటి, పాట ఉన్నదొకటి, ఎవరూ మాట్లాడని చోటు కనీసం రెండు సెకన్లున్నదొకటి. బుస తగ్గించడం ఆ మూడోదాంతోనే మొదలుపెడతాం.