యుద్ధం నవలలో చరిత్రని ఎక్కడ మలుపు తిప్పాలి

ఆల్టర్నేట్ హిస్టరీ వార్ నవల, అంటే జరిగిన యుద్ధం ఒకచోట వేరేలా జరిగుంటే అని ఊహించే నవల మొదలెట్టేవాళ్ళు ముందు ఒక్కటంటే ఒక్క మార్పు పట్టుకోండి, అదీ చిన్నది. నా నవల్లో అది ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం వాతావరణం, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల మీదకి 1944 జూన్ 5న అక్కడ దిగాల్సిన మిత్రరాజ్యాల సేనలు గాలివాన వల్ల ఒకరోజు ఆగి 6న దిగాయి కదా, ఆ 6 కూడా వద్దనుకుని ఉంటే? ఆటుపోట్లు మళ్ళీ కలిసొచ్చేది 19 చుట్టుపక్కలే, సరిగ్గా అప్పుడే పెద్ద తుఫానొచ్చి నార్మండీలోనే ఒమాహా అనే తీరంలో సరుకులు దించడానికి కట్టిన కృత్రిమ రేవుని నాశనం చేసింది. ఇది తెలిశాక నాకు నిద్రపట్టలేదు, కథంతా అక్కడే ఉంది.

తర్వాత పెట్రోలు, మందుగుండు, తిండి ఎవరికి ఎన్నిరోజులొస్తాయో తేదీలవారీగా రాసుకోండి. జనరల్స్ మీటింగులు తగ్గించేయండి, పడవలో వాంతి చేసుకుంటూ తడిసిన ఉత్తరాన్ని చొక్కాలో దాచుకునే కుర్రాడిని చూపించండి. నావి ఏడు చాప్టర్లయ్యాయి, ఎనిమిదోది మొత్తం ఆ కుర్రాడిదే.