వారం వంట ప్లాన్: ముందు క్యాలెండర్ చూడండి, కూరగాయల సంగతి తర్వాత

సాయంత్రం ఆరున్నర. ఇప్పుడే ఇంటికొచ్చారు, బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది, ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడ్డారు. రెండు టమాటాలు, సగం కోసిన క్యాబేజీ, మూత పెట్టిన గిన్నె ఒకటి, అందులో ఏముందో ఎప్పటిదో గుర్తు రావడం లేదు. ఇంతలో లోపలి గదిలోంచి "ఈ పూట ఏం వండుతున్నావ్?" అని ఓ కేక. చాలామందికి వంట చేయడం కంటే ఈ ప్రశ్నతోనే ఎక్కువ ఓపిక పోతుంది. వండటం ముప్పావుగంటలో అయిపోతుంది, ఏం వండాలన్నది మాత్రం మధ్యాహ్నం నుంచే బుర్రలో తిరుగుతూ ఉంటుంది.

వారానికోసారి కూర్చుని ప్లాన్ రాసుకునేది ఈ ఒక్క ప్రశ్న కోసమే. దాంతోపాటు డబ్బు మిగులుతుంది, కూరగాయలు కుళ్లడం తగ్గుతుంది, బయటి నుంచి తెప్పించుకోవడం తగ్గుతుంది, అవన్నీ నిజమే. కానీ అసలు లాభం, అలసిపోయి ఇంటికి వచ్చిన మనిషికి ఆ పూట ఆలోచించే పని లేకపోవడం. అందుకని ప్లాన్ ఎలా ఉండాలో కూడా ఆ అలసిన మనిషిని మనసులో పెట్టుకునే తేల్చుకోవాలి.

నేను మొదటిసారి రాసినప్పుడు ఏడు రోజులు, మూడు పూటలు, మొత్తం 21 గళ్లు గీసి ఒక్కటీ ఖాళీ లేకుండా నింపాను. అందులో సగం అప్పటిదాకా ఎప్పుడూ చేయని వంటలు. సోమవారం బాగానే నడిచింది. మంగళవారం ఇంటికి చేరేసరికి ఎనిమిదైంది, కాగితం మీద ఉన్నదేమో గంటన్నర పట్టే వంట. అది బుధవారానికి జరిగింది, బుధవారానిది గురువారానికి జరిగింది, శుక్రవారం చూస్తే కొన్న పాలకూర పసుపు రంగుకి తిరిగి కవరులో నీరు కారుతోంది. వంటల గురించి ఆలోచించాను గానీ, ఆ వారం మా ఇంట్లో ఎలా గడవబోతోందో ఆలోచించలేదని అప్పుడు అర్థమైంది.

ముందు రోజులకి గుర్తులు పెట్టండి

కాగితం మీద ఏడు రోజుల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. వంట పేరు ఒక్కటి కూడా రాయకముందే, ఏ రోజు ఎవరు ఆలస్యంగా వస్తారు, ఏ సాయంత్రం పిల్లలకి క్లాసు ఉంది, ఎప్పుడు బయట తినేస్తారు, ఇంటికి ఎవరైనా వస్తున్నారా, ఇవి రాయండి. తర్వాత ప్రతి రోజు పక్కన ఓ గుర్తు పెట్టండి: అస్సలు ఓపిక ఉండని రోజు, మామూలు రోజు, తీరిక ఉన్న రోజు. ఓపిక లేని రోజుకి ఇరవై నిమిషాల్లో అయ్యేది కావాలి, లేదా ముందు రోజు వండింది వేడి చేసుకునేలా ఉండాలి. కొత్త వంట చేసి చూడాలని ఉంటే తీరిక ఉన్న రోజునే, అదీ వారానికి ఒక్కటే. ఈ గుర్తులు పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, కానీ ప్లాన్ నిలబడేది చాలావరకు వీటి వల్లే.

ఏడు రాత్రులూ నింపకండి. ఐదు రాయండి. ఆరో రాత్రి మిగిలినవన్నీ తినేసే రోజు, ఏడోది ఖాళీ. ఖాళీ ఎందుకంటే ఏ వారమూ అనుకున్నట్టు జరగదు, ఎవరికో ఒంట్లో బాగోదు, ఎవరో భోజనానికి పిలుస్తారు, ఏదో ఒకటి. ఖాళీ ఉంటే పక్కకి జరిగిన వంట అందులో కూర్చుంటుంది, మిగతా రోజులు కదలవు. పొద్దున టిఫిన్‌కి మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు, ఇంట్లో అందరూ తినేవి మూడు రకాలు ఎంచుకుని వాటినే మార్చి మార్చి చేయండి. మధ్యాహ్నానికి ముందు రాత్రి వండింది కాస్త ఎక్కువ వండితే సరిపోతుంది, అలా చేసే ఇంట్లో ప్లాన్ అంటే నిజంగా ఐదు వంటల పేర్లే.

ఆ ఐదు ఎక్కడి నుంచి వస్తాయి? మీకు ఇప్పటికే చేతనైన వాటిలోంచి. ఒకసారి కూర్చుని, చూడకుండా చేయగలిగిన వంటలు, ఇంట్లో ఎవరూ వంక పెట్టనివి ఓ పదిహేను రాయండి. పదిహేను లేవనిపిస్తుంది గానీ, ఇంట్లో అందర్నీ అడుగుతూ రాస్తే తేలిగ్గా దాటిపోతాయి, మనం మర్చిపోయినవి పిల్లలు గుర్తు చేస్తారు. ఒక్కోదాని పక్కన ఎంతసేపు పడుతుందో వేయండి, తరగడం కడగడం కూడా కలిపి, నిజం టైమ్. ఈ లిస్ట్ ఒకసారి రాస్తే నెలల తరబడి పనికొస్తుంది.

కొనే ముందు ఇంట్లో ఏముందో చూడండి

ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదీ ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోంచే. హోటళ్లు, దుకాణాలు కలిపినా ఇళ్ల తర్వాతే. అంత పెద్ద లెక్క తయారయ్యేది మన ఫ్రిజ్‌లో కింది అరలో, కవరు అడుగున, కనపడకుండా పడి ఉన్న ఓ కొత్తిమీర కట్ట దగ్గరే.

పది నిమిషాలు పెట్టుకుని ఫ్రిజ్, ఫ్రీజర్, సామాన్ల అర చూడండి. వెనక ఉన్నవి ముందుకు లాగండి. మూడు రోజుల్లో పాడైపోయేవి ఏమున్నాయో రాసుకోండి, ఆ వారం మొదటి రెండు వంటలు వాటితోనే. సగం క్యాబేజీ ఉందా, అయితే సోమవారం క్యాబేజీ కూరే, ఇంకో మాట లేదు. సగం వాడిన శనగల డబ్బా, నూడుల్స్ ప్యాకెట్, ఫ్రీజర్‌లో ఉన్న బఠానీలు, వీటితో ఓపిక లేని రోజు గడిచిపోతుంది.

ఏ వంట ఏ రోజు అనేది తేల్చేటప్పుడు రుచి కంటే కూరగాయ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చూసుకోండి. ప్లాన్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన కిటుకు ఇదే. ఆకుకూరలు కొన్న రోజు, మర్నాడు. పచ్చి చికెన్, చేపలు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే, అంతకంటే ఆలస్యమయ్యేలా ఉంటే తెచ్చిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టేయాలి. వారం మధ్యలో బీన్స్, క్యాప్సికమ్, వంకాయ, కాలీఫ్లవర్. వారం చివరికి క్యారెట్, క్యాబేజీ, బంగాళదుంప, గుడ్లు, పప్పులు, నానబెట్టి వండే గింజలు, ఇవి వారం దాటినా మనకోసం ఆగుతాయి. ఇలా పేర్చితే గురువారం నాడు ఇంకోసారి బజారుకి పరిగెత్తే పని ఉండదు.

పెట్టే చోటు కూడా ముఖ్యం. ఆకుకూర తడిగా కవరులో కుక్కితే రెండు రోజుల్లో జిగురు పడుతుంది. తడి ఆరనిచ్చి, పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి డబ్బాలో పెట్టండి, నాలుగైదు రోజులు నిలుస్తుంది. అరటిపళ్లు, యాపిల్స్ దగ్గర ఆకుకూరలు పెట్టకండి, ఆ పళ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, దానికి ఆకులు తొందరగా పండిపోతాయి. బంగాళదుంపలు వెలుతురు తగలని చోట ఉండాలి, ఉల్లిపాయలకి దూరంగా. ఆకుపచ్చగా మారిన దుంపలు వాడకండి.

ఇక కొనాల్సినవి. లిస్ట్‌లో ఊరికే "పాలకూర" అని రాయకండి, "పాలకూర, రెండు కట్టలు, సోమవారానికి" అని రాయండి. ఆ "సోమవారానికి" అన్న మాట దుకాణంలో చాలా పని చేస్తుంది, తాజాగా కనిపించిందని ఇంకో రెండు కట్టలు తీసుకోబోయే చెయ్యి అక్కడ ఆగుతుంది. ఏ రోజుకీ చెందని కూరగాయ బుట్టలోకి వచ్చిందంటే దానికి ఇంట్లో చోటు లేదన్నమాట. ఒకవేళ లిస్ట్‌లో ఉన్నది దొరక్కపోతే అలాంటిదే ఇంకోటి తెచ్చుకుని కాగితం మీద మార్చేయండి.

తీరిక దొరికిన రోజు ఓ గంట

వారానికంతటికీ ఒకే రోజు వండేసి డబ్బాల్లో పెట్టేవాళ్లని చూసి చాలామంది భయపడతారు, అంత నావల్ల కాదని. అంత చేయక్కర్లేదు. పైగా వండినవి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకి మించి ఉంచకూడదు కాబట్టి, ఆదివారం వండింది శుక్రవారం తినాలంటే అది ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సిందే. నేను చేసేది వండటం కాదు, వంటకి ముందుండే పని. అల్లం వెల్లుల్లి నూరి పెట్టుకోవడం, ఆకుకూర బాగుచేయడం, బీన్స్ తరగడం, ఉల్లి టమాటా వేయించి ఓ డబ్బా గుజ్జు తయారు చేసుకోవడం. ఈ గుజ్జు ఒక్కటి ఉంటే మంగళవారం గుడ్ల కూర పావుగంటలో అవుతుంది, బుధవారం అదే శనగల్లోకి వెళ్తుంది.

శనగలు, రాజ్మా లాంటివి ఎనిమిది గంటలైనా నానాలి, అందుకే ప్లాన్‌లో వండే రోజు ఒక్కటే రాస్తే చాలదు, ముందు రోజు గడిలో "రాత్రికి శనగలు నానబెట్టాలి" అని కూడా రాయాలి. ఫ్రీజర్‌లోంచి చికెన్ తీసి ఫ్రిజ్‌లోకి మార్చడం కూడా అంతే. అది గట్టు మీద కాదు, ఫ్రిజ్‌లోనే నెమ్మదిగా కరగాలి, దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నా ప్లాన్లు తప్పిన చాలాసార్లు వంట కష్టమై కాదు, ఈ ముందు రోజు పని మర్చిపోయే. గింజలు నానబెట్టేటప్పుడు రెట్టింపు వేసి, ఉడికాక సగం ఫ్రీజర్‌లో పెట్టేయండి, ఇంకో వారంలో ఓ రాత్రి గడిచిపోతుంది. డబ్బా మీద పేరు, తేదీ రాయడం మాత్రం మానకండి, గడ్డకట్టాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మిగిలినవి దాచుకునేటప్పుడు జాగ్రత్త ఉండాలి, ఈ మాట కాస్త గట్టిగానే చెబుతాను. వండింది రెండు గంటలకి మించి బయట ఉంచకండి, బాగా ఎండగా ఉండి 32 డిగ్రీలు దాటితే గంటే. పెద్ద గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో వేడి చాలాసేపు పోదు, లోతు తక్కువ డబ్బాల్లోకి పంచి పెట్టండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి అన్నం తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తినేయండి. వేడి చేసేటప్పుడు ఏదైనా అంచుల్లోనే కాకుండా మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా చేయాలి, అదీ ఒక్కసారే.

ప్లాన్ ఒక్కరి తలకాయలోనే ఉంటే మళ్లీ ఆ ప్రశ్న వాళ్లకే వస్తుంది. కాగితం ఫ్రిజ్ తలుపు మీద, అందరికీ కనిపించేలా అతికించండి. ముందు ఇంటికి వచ్చినవాళ్లు చూసి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టవచ్చు, కనీసం అన్నం పెట్టేయవచ్చు. ఐదు వంటల్లో ఒకటి పిల్లల్ని ఎంచుకోమనండి, ఒకటి ఇంట్లో ఇంకొకరు వండేది పెట్టండి, ఎవరు వండుతారో పేరు కూడా రాయండి. ఒంటరిగా ఉండేవాళ్లయితే ఐదు కూడా వద్దు, మూడు వంటలు రెండేసి పూటలకి సరిపడా చాలు. మంగళవారం రాసింది మంగళవారం తినాలనిపించకపోతే గురువారంతో మార్చుకోండి. రెండింటికీ బాణం గుర్తు వేస్తే అయిపోయింది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్క ఆకుకూర వంట మాత్రం తర్వాతి రోజుకి వాయిదా వేయకండి.

వారం అయ్యాక కాగితం పారేయకండి. ఏది మిగిలిపోయింది, ఏది సరిపోలేదు, ఏది అందరూ ఇష్టంగా తిన్నారు, పక్కనే పెన్సిల్‌తో రాసి ఓ క్లిప్పుకి పెట్టండి. మా ఇంట్లో ఒకదాని మీద "బీన్స్ పావుకిలో చాలు" అని ఉంది, ఇంకోదాని మీద మా అబ్బాయి రాసిన "ఇది మళ్లీ చెయ్యి" ఉంది. నాలుగు వారాల కాగితాలు చేరాక ఐదో వారానికి మొదటిది తీసి తలుపుకి అతికించండి. ఈసారి ఎవరు ఏ రోజు ఆలస్యంగా వస్తారో చూసి రెండు మూడు వంటలు అటూ ఇటూ జరపండి, పది నిమిషాల్లో పని అయిపోతుంది.