డాక్టరమ్మలూ, ముందు మీ పాప్ స్మియర్ సంగతి చూడండి

చెన్నైలో పని చేసే మన తెలుగు లేడీ డాక్టర్లం ఐదుగురం క్రితం నెల కలిశాం. పిల్లల చదువులు, నైట్ డ్యూటీలు, ఊళ్లో అమ్మ షుగరు, అన్నీ అయ్యాక నేను అడిగాను: "మీలో పాప్ స్మియర్ చేయించుకున్నది ఎవరు?" మిగతా నలుగురిలో ఒక్కరూ లేరు. గర్భాశయ ముఖద్వారం నుంచి కాసిని కణాలు తీసి, అక్కడి క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష ఇది. అందులో ఇద్దరు గైనకాలజిస్టులు, రోజూ వేరేవాళ్లకి చేసేవాళ్లు.

నేనూ 41 ఏళ్లొచ్చేదాకా చేయించుకోలేదు. అదైనా అప్పట్లో పనిచేసే ఆస్పత్రిలో, రెండు కేసుల మధ్య దొరికిన ఖాళీలో, ఓపీ చీటీ కూడా లేకుండా తోటి డాక్టరు చేత తీయించుకున్నాను. స్లైడు మీద 'స్టాఫ్' అని మాత్రమే రాశారట. ఆ రిపోర్టు దొరకనేలేదు, మళ్లీ చేయించుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అందుకే మొట్టమొదటి జాగ్రత్త, పేషెంటులా వెళ్లండి. మీ పేరు మీద ఓపీ నంబరు, ఫైలు ఉండాలి, రిపోర్టు ఎప్పుడొస్తుందో అడిగి తేదీ రాసుకోవాలి. రోజూ కలిసి టీ తాగే వాళ్ల ముందు టేబుల్ మీద పడుకోవడం ఇబ్బందే, నాకూ అలాగే అనిపించింది. మీ ఆస్పత్రిలో వద్దనుకుంటే అడయార్ వెళ్లండి, ఇంకెక్కడికైనా వెళ్లండి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ని 1954లో మొదలుపెట్టిన ముత్తులక్ష్మి రెడ్డి గారు కూడా డాక్టరే, సొంత చెల్లెల్ని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న మనిషి.

నెలసరి రోజుల్లో వెళ్లకండి. ముందు 48 గంటలు కలయిక, లోపల పెట్టే క్రీములు, మాత్రలు, కడుక్కోవడాలు వద్దు. ఇవన్నీ మనం పేషెంట్లకి చెప్పేవే, కానీ డ్యూటీలో ఖాళీ దొరికింది కదా అని తేదీ చూసుకోకుండా వెళ్తే శాంపిల్ సరిపోలేదని రిపోర్టు వస్తుంది, రెండోసారి వెళ్లడానికి మనసు రాదు.

30 దాటితే హెచ్‌పీవీ టెస్ట్ మేలు, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే పరీక్ష అది. నెగెటివ్ వస్తే మళ్లీ ఐదేళ్లకి చాలు, పాప్ ఒక్కటే అయితే మూడేళ్లకోసారి. లోపల చూడటానికి పెట్టే స్పెక్యులమ్ పరికరం అంటేనే భయపడేవాళ్లు హెచ్‌పీవీకి శాంపిల్ తామే తీసుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకున్న పద్ధతే అది. హెచ్‌ఐవీ ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా ఈ లెక్క మారుతుంది, ఇంకా ముందు నుంచి, ఇంకా తరచుగా చేయించుకోవాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయాక మళ్లీ కనిపించినా స్క్రీనింగ్ తేదీ కోసం ఆగకండి, పాత పాప్ నార్మల్ కదా అని ధైర్యం చెప్పుకోకండి. ఆ వారంలోనే చూపించుకోండి.

హెచ్‌పీవీ పాజిటివ్ వస్తే? అది క్యాన్సర్ కాదు. చాలా ఇన్ఫెక్షన్లు ఒకటి రెండేళ్లలో వాటంతటవే పోతాయి. ఈ క్యాన్సర్లలో 70 శాతం దాకా హెచ్‌పీవీ 16, 18 రకాల వల్లే కాబట్టి ఆ రెండింటిలో ఏది వచ్చినా కాల్పోస్కోపీ, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష, వాయిదా వేయకండి. టెన్షన్‌తో రిపోర్టు బీరువాలో పెట్టేస్తే, ముందే దొరికింది అన్న లాభమే పోతుంది. ఇంట్లో ఎవరినీ అనుమానించాల్సిన పని కూడా లేదు, వైరస్ ఎప్పుడో పదేళ్ల కిందటిదైనా కావచ్చు.

ఇక హెచ్‌పీవీ టీకా. 9 నుంచి 14 ఏళ్ల మధ్య అమ్మాయిలకి వేయిస్తే ఎక్కువ ఫలితం, మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల టీకా సర్వావాక్ 2023లోనే వచ్చింది. మనకి 26 దాటితే, 45 లోపు, మీ గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఉన్న ఇన్ఫెక్షన్‌ని అది తగ్గించదు, టీకా వేసుకున్నా స్క్రీనింగ్ తప్పదు.

లీప్, అంటే కరెంటు తీగతో గర్భాశయ ముఖద్వారంలో చెడ్డ భాగాన్ని తీసేసే పద్ధతి, చేసే గైనకాలజిస్టులకి ఇంకో జాగ్రత్త ఉంది. అప్పుడు వచ్చే పొగలో హెచ్‌పీవీ డీఎన్ఏ దొరికింది, అందుకే పొగ లాగే యంత్రం లేకుండా మొదలుపెట్టకండి, మామూలు సర్జికల్ మాస్క్ సరిపోదు, ఎన్95 పెట్టుకోండి.

మా ఐదుగురిలో ఇద్దరు ఈ రెండో శనివారం కలిసి వెళ్తున్నారు. ఇంకొకరికి తేదీ కుదరక ఆ తర్వాతి వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నాలుగో ఆవిడ అందరికంటే సీనియర్, "నాకేముందిలే, వయసైపోయింది" అంటోంది. అక్కకి 58. రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను.