కాలిక్యులేటర్‌తో శుద్ధ స్వరాంతరాల లెక్క

చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తులతో వచ్చే స్వరాల దూరాలే శుద్ధ స్వరాంతరాలు. షడ్జాన్ని (స) 240 హెర్ట్జ్‌గా పెట్టుకొని 3తో గుణించి 2తో భాగిస్తే పంచమం 360 వస్తుంది. 4/3తో శుద్ధ మధ్యమం 320, 5/4తో అంతర గాంధారం 300 వస్తాయి. స్వరాల మధ్య దూరం సెంట్లలో (స నుంచి పై స వరకు ఉన్న స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు) కావాలంటే, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో నిష్పత్తికి లాగ్ తీసి, దానిని 2కు వచ్చే లాగ్‌తో భాగించి, 1200తో గుణించాలి. 5/4కు 386.3 సెంట్లు వస్తాయి. స్థాయిని 12 సమాన మెట్లుగా పంచే కీబోర్డులో మాత్రం ఆ గాంధారం 400 సెంట్ల వద్ద, అంటే దాదాపు 302.4 హెర్ట్జ్ వద్ద ఉంటుంది కనుక, తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి అది కాస్త హెచ్చుగా వినిపించడం సహజమే.

అసలు రుచి గల లెక్క మరొకటి ఉంది. 1తో మొదలుపెట్టి 1.5తో నాలుగుసార్లు గుణిస్తూ, ఫలితం 2 దాటినప్పుడల్లా సగం చేస్తూ పోతే, పంచమం, చతుశ్రుతి రిషభం, చతుశ్రుతి ధైవతం మీదుగా 1.265625 అనే గాంధారానికి చేరతాము, 303.75 హెర్ట్జ్ గల ఈ గాంధారం 5/4 గాంధారం కంటే 21.5 సెంట్లు హెచ్చు.