పాఠం 6: లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్ తర్వాత "లీ" ఎప్పుడు?

పోయిన పాఠంలో క్రియ గురించి చెప్పే మాటకి చివర లీ వస్తుంది, స్లో కాస్తా స్లోలీ అవుతుంది అని చెప్పా కదా, అది పట్టుకుని చాలామంది "ది సూప్ టేస్ట్స్ డెలిషస్లీ", "షి లుక్స్ హ్యాపిలీ" అని రాసేశారు. తప్పు మీది కాదు, ఈ అయిదు క్రియల సంగతి నేను అప్పుడే చెప్పాల్సింది. కాబట్టి ఇవాళ కొత్త టాపిక్ లేదు, ఇదే తేల్చుకుందాం.

అసలు చిక్కంతా మన "గా" దగ్గరుంది. "ఆమె సంతోషంగా ఉంది" అంటాం, "ఆమె సంతోషంగా పాడింది" అనీ అంటాం. మనకి రెండిట్లోనూ ఒకటే గా, ఇంగ్లీషులో మాత్రం మొదటిది హ్యాపీ, రెండోది హ్యాపిలీ. "గా అంటే లీ" అని నోట్సులో ఎక్కడైనా రాసుకుని ఉంటే దయచేసి ఇప్పుడే కొట్టేయండి, ఎన్నాళ్లుగా చెప్తున్నా మళ్లీ మళ్లీ ఎదురయ్యే తప్పు ఇదే. పుల్లగా ఉంది, ఇట్ టేస్ట్స్ సోర్. మెత్తగా ఉంది, ఇట్ ఫీల్స్ సాఫ్ట్. గొంతు వింతగా వినిపించింది, ది వాయిస్ సౌండెడ్ స్ట్రేంజ్. అలసటగా కనిపిస్తున్నావు, యూ లుక్ టైర్డ్. అన్నిట్లో గా ఉంది, ఒక్కదాంట్లో కూడా లీ లేదు. ఎందుకంటే ఆ పులుపు సూప్‌ది, ఆ అలసట మనిషిది, క్రియది కాదు. మధ్యలో ఉన్న క్రియ ఆ రెండిటినీ కలుపుతోంది, అంతే.

మరి లీ ఎప్పుడు? క్రియ తీసి ఈజ్ పెట్టి చూడమని, అర్థం కుదిరితే లీ వద్దని గ్రామర్ పుస్తకాలు చెప్తాయి, అదీ పనిచేస్తుంది, కానీ నాకు తెలుగు దారే ఇష్టం. వాక్యాన్ని తెలుగులో అనుకోండి, "చూడు" వచ్చిందంటే లీ. వాసన చూడు, రుచి చూడు, తాకి చూడు, మామూలుగా చూడు, అన్నిట్లో మనిషి పూనుకుని చేసే పని ఉంది. ఉంది, అనిపించింది, కనిపించింది, వినిపించింది అని వస్తే లీ వద్దు.

ఇదొక్కటి దగ్గర్నుంచి చూడండి. "షి లుక్డ్ యాంగ్రీ" అంటే కోపంగా కనిపించింది, అప్పుడామె కళ్లు మూసుకుని ఉన్నా పర్లేదు, చూస్తున్నది మనం. "షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ది డోర్" అంటే తలుపు వైపు కోపంగా చూసింది, ఇక్కడ పనిచేస్తున్నవి ఆమె కళ్లు. లుక్ తర్వాత ఎట్ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఇదే. అలాగే "హి టేస్టెడ్ ది సూప్ కేర్‌ఫులీ", జాగ్రత్తగా రుచి చూశాడు.

సౌండ్‌కి మాత్రం చూడు కుదరదు, దాన్ని "మోగించు"తో పరీక్షించండి. "దే సౌండెడ్ ది అలారం లౌడ్లీ" సరైనదే.

గుడ్, వెల్ గురించి చాలామంది అడిగారు. ఫీల్ తర్వాత వచ్చే వెల్‌కి ఒంట్లో బాగుంది అని అర్థం, అక్కడ అది యాడ్జెక్టివే, అంటే క్రియని కాక మనిషినో వస్తువునో వర్ణించే మాటే. రుచికీ వాసనకీ గుడ్డే. బాధగా ఉంటే ఐ ఫీల్ బ్యాడ్, బ్యాడ్లీ కొందరు అంటారు గానీ మీరు రాయకండి. లోన్లీ, ఫ్రెండ్లీ చివర్లో లీ ఉన్నా అవి యాడ్జెక్టివ్‌లే, షి ఫీల్స్ లోన్లీ కరెక్టే. ఒక్క "ఐ ఫీల్ స్ట్రాంగ్లీ అబౌట్ దిస్" మాత్రం విడిగా గుర్తుపెట్టుకోండి, దానికి నాకు గట్టి అభిప్రాయం ఉంది అని అర్థం, ఐ ఫీల్ స్ట్రాంగ్ అంటే ఒంట్లో బలంగా ఉంది అని.

ప్రాక్టీస్: ఏదైనా ఇంగ్లీషు కథలో పది పేజీలు తీసుకుని ఈ అయిదు క్రియలు ఎక్కడొచ్చినా పక్కన "చూడు" అనో "అనిపించు" అనో పెన్సిల్‌తో రాయండి. తర్వాత ఒక్కో క్రియతో రెండేసి వాక్యాలు, ఒకటి లీతో, ఒకటి లేకుండా. సౌండ్ దగ్గర ఆగిపోతే అలారం కాకుండా ఇంకోటి వెతకండి.