చెన్నై నుంచి విదేశాలకు పార్సిల్: కస్టమ్స్ ఫారం ఎలా నింపాలి?

చెన్నైలోని తెలుగు ఇళ్ల నుంచి పార్సిళ్లు ఎక్కువగా కదిలేది ఎండాకాలంలో ఆవకాయ పెట్టాక, దీపావళి, సంక్రాంతి ముందు, పిల్లలు వేరే దేశంలో కొత్తగా కాపురం పెట్టినప్పుడు. పంపడం కష్టమైన పనేం కాదు. కానీ పార్సిల్ అవతలి దేశంలో వారాల తరబడి ఆగిందంటే చాలాసార్లు కారణం ఒకటే, లోపల ఏముందో కాగితం మీద సరిగా రాయకపోవడం. అక్కడి కస్టమ్స్ అధికారికి మనమెవరో తెలియదు, కందిపొడి అంటే ఏమిటో తెలియదు. ఆయన ముందున్నది మనం నింపిన ఫారం ఒక్కటే. అందుకే ఆ ఫారం గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను.

ముందు దారి ఎంచుకోవాలి. తపాలా శాఖ ద్వారా అయితే అంతర్జాతీయ స్పీడ్ పోస్ట్ ఉంది, ఎయిర్ పార్సిల్ ఉంది. రాజాజీ సాలైలోని జీపీవోలోనూ, మౌంట్ రోడ్డు మీదున్న అన్నా రోడ్డు హెడ్ పోస్టాఫీసులోనూ బుక్ చేయవచ్చు. బరువు పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి మూట కట్టకముందే అడిగి తెలుసుకోండి. ప్రైవేటు కొరియర్ త్వరగా చేరుస్తుంది, కానీ అక్కడ అసలు బరువు, పెట్టె సైజును బట్టి లెక్కగట్టే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టెలో జంతికలు, అప్పడాలు నింపితే తూకం 8 కిలోలే రావచ్చు, లెక్క మాత్రం 16 కిలోలకు పడుతుంది. తేలికపాటి పిండివంటలకు చిన్న పెట్టె ఎంచుకోవడం మంచిది.

ఫారం నింపడం

చిన్న ప్యాకెట్లకు సీఎన్22, పార్సిళ్లకు సీఎన్23 అనే డిక్లరేషన్ ఫారాలు ఉంటాయి. 2021 జనవరి 1 నుంచి ప్రపంచ తపాలా సంఘం నిబంధనల ప్రకారం ఈ వివరాలు పార్సిల్ కంటే ముందే ఎలక్ట్రానిక్ రూపంలో అవతలి దేశానికి చేరాలి. కౌంటర్‌లో సిబ్బంది ఎక్కించేవరకు ఆగకుండా తపాలా శాఖ వెబ్‌సైట్‌లో మీరే ముందుగా నింపుకొని వెళ్తే క్యూలో టెన్షన్ ఉండదు, అక్షరదోషాలూ తగ్గుతాయి. ఫారం ఇంగ్లిష్‌లో నింపాలి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది వస్తువుల వివరం రాసే గడి మీద. ‘గిఫ్ట్ ఐటమ్స్’, ‘ఫుడ్’, ‘హౌస్‌హోల్డ్ థింగ్స్’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస కేటాయించండి. ‘ఆడవారి కాటన్ చీర, 2, 1.1 కిలో, 3,600 రూపాయలు, ఇండియా’ అన్నట్టు వస్తువు, సంఖ్య, నికర బరువు, విలువ, తయారైన దేశం వరుసగా ఉండాలి. కందిపొడిని ‘కందిపొడి’ అనే రాసి వదిలేయకండి, ‘రోస్టెడ్ లెంటిల్ పౌడర్’ అనండి. పేరులేని పొడి ఏ దేశంలోనైనా అనుమానమే. అందుకే లోపలి ప్యాకెట్ మీద కూడా అదే పేరు అతికించండి. హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ కోసం ఒక్కో రకం వస్తువుకు ఉండే అంకెల గుర్తు) గడిలో కనీసం మొదటి 6 అంకెలు ఇవ్వాలి. ఉదాహరణకు అచ్చు పుస్తకాల కోడ్ 4901తో మొదలవుతుంది. మిగతావాటికి కౌంటర్‌లో అడిగినా, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సైట్‌లోని టారిఫ్ పట్టిక చూసినా దొరుకుతుంది.

విలువ దగ్గరే ఎక్కువమంది తప్పుదారి పడతారు. ‘తక్కువ రాయండి, ఎవరూ చూడరు’ అని పార్సిల్ దుకాణాల్లో సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. పార్సిల్ పోతే పరిహారం మీరు రాసిన విలువను దాటి రాదు, తప్పు విలువ బయటపడితే జరిమానా పడేది అందుకునే మనవాళ్ల మీద. కొన్న వస్తువైతే బిల్లు ధర, ఇంట్లో చేసినదైతే బజారులో అలాంటిదానికి ఉండే ధర రాయండి. సున్నా మాత్రం రాయకూడదు.

‘గిఫ్ట్’ అనే గడిలో టిక్ పెట్టాలంటే అది ఒక వ్యక్తి మరో వ్యక్తికి డబ్బు తీసుకోకుండా పంపేదై ఉండాలి. ఇంటి నుంచి చీరలు, పచ్చళ్లు అమ్మి పంపేవాళ్లు ఈ గడి వాడకూడదు. వాళ్లకు తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు, అంటే పోస్టాఫీసుల్లోని ఎగుమతి కేంద్రాలు, వేరే ఉన్నాయి. మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 5 లక్షల రూపాయల వరకు విలువైన వస్తువులను కానుకగా పంపవచ్చు. ఎగుమతికి అనుమతి కావాల్సినవి మాత్రం ఇందులోకి రావు.

సుంకం అవతలి దేశం వేస్తుంది, ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపు కానుకకు వ్యాట్ లేదు. 135 పౌండ్ల వరకు కస్టమ్స్ సుంకం ఉండదు గానీ వ్యాట్ ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోల వరకు, కెనడాలో 60 కెనడా డాలర్ల వరకు కానుకలకు మినహాయింపు. అమెరికా పద్ధతి ఈమధ్య బాగా మారింది. 800 డాలర్ల లోపు వస్తువులకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. ఆ రోజుల్లోనే మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లను నిలిపేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతిలో. అమెరికాలో 100 డాలర్ల లోపు కానుకకు వెసులుబాటు వేరుగా ఉంది. రేట్లు మారుతున్నాయి కాబట్టి బుక్ చేసే రోజున కౌంటర్‌లో అడగండి. ఒకే పెట్టెలో కూతురికి, అల్లుడికి, మనవరాలికి వేర్వేరు కానుకలుంటే ఒక్కోటి విడిగా చుట్టి, వాళ్ల పేరు రాసి, ఫారంలోనూ విడిగా చూపించండి. అమెరికా, బ్రిటన్ రెండూ మనిషికి ఇంత అని లెక్కిస్తాయి.

తిండి పదార్థాలు

ఇక్కడ తొందర పనికిరాదు. అమెరికాకు కొన్న తినుబండారం పంపితే ముందుగా వాళ్ల ఆహార, ఔషధ సంస్థ వెబ్‌సైట్‌లో ‘ప్రయర్ నోటీస్’ నమోదు చేసి, వచ్చిన నంబర్‌ను డిక్లరేషన్‌లో రాయాలి. ఇంట్లో స్వయంగా చేసి, చేసిన మనిషే తన పేరుతో కానుకగా పంపితే ఆ నోటీసు అక్కర్లేదు. అంటే అమ్మ పెట్టిన ఆవకాయకు అమ్మ పేరే పంపేవారిగా ఉండాలి. ఈ చిన్న సంగతి తెలియక కొడుకు పేరు మీద బుక్ చేసేవాళ్లు చాలామంది.

కోడి, వేటమాంసం పచ్చళ్లు అమెరికా, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాలకు పంపకండి. బ్రిటన్, యూరప్‌లకు పాలకోవా వంటి పాల పదార్థాలు పనికిరావు. ఆస్ట్రేలియా పాలతో చేసిన మిఠాయిలు, విత్తనాల విషయంలో చాలా గట్టిగా ఉంటుంది. పచ్చి కరివేపాకు అమెరికాకు నిషేధం, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి. యూఏఈ, సింగపూర్‌లకు పంపే మసాలా పొడుల్లో గసగసాలు ఉండకూడదు. అక్కడ దాన్ని మాదకద్రవ్యం కిందే చూస్తారు, ఇది చిన్న జరిమానాతో పోయే తప్పు కాదు. నూనె పచ్చళ్లను రెండు పొరల్లో సీల్ చేయించండి. కారితే మన పార్సిల్ ఒక్కటే కాదు, పక్కవాళ్లదీ పాడవుతుంది.

పూజగది వస్తువులు, పాత సామాన్లు

పిల్లలు కొత్త ఇంట్లో దేవుణ్ణి పెట్టుకుంటామంటే తాతల నాటి కంచు విగ్రహాన్ని పంపాలనిపిస్తుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన విగ్రహాలను, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులను దేశం దాటించకూడదు. ఇళ్లలో ఉన్న తాళపత్రాలకూ ఇది వర్తిస్తుంది. కొత్తదే అయినా పాతదిలా కనిపించే విగ్రహమైతే పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ శాఖ చెన్నై సర్కిల్ కార్యాలయం సెయింట్ జార్జ్ కోటలో ఉంది. నెమలీకలు, ఎర్రచందనం పార్సిల్‌లో పెట్టకండి. పవర్ బ్యాంకులు, సెంటు సీసాలు, నగదు, నగలు కూడా వద్దు.

కౌంటర్‌కు వెళ్లేటప్పుడు పెట్టెను పూర్తిగా అంటించకుండా తీసుకెళ్లండి, సిబ్బంది చూశాక మూయించవచ్చు. గుర్తింపు కార్డు, దాని నకలు, బిల్లులు, అందుకునేవారి ఫోన్ నంబర్, ఈమెయిల్ దగ్గర ఉంచుకోండి. అవతలి కస్టమ్స్ ఫోన్ చేసేది ఆ నంబర్‌కే. చిరునామాదారు తీసుకోకపోతే వెనక్కి పంపాలా, వదిలేయాలా అన్నది కూడా ముందే చెప్పాలి.

ఇల్లు మారే సామానంతా పంపుతుంటే ఇది పార్సిల్ పని కాదు. లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకర్ ద్వారా ఓడలో పంపాలి. పెట్టె పెట్టెకు జాబితా, పాస్‌పోర్ట్, వీసా నకళ్లు కావాలి. చేరే దేశంలో విడి ఫారం ఉంటుంది, అమెరికాకు 3299, బ్రిటన్‌కు టీవోఆర్1, ఆస్ట్రేలియాకు బీ534. బ్రిటన్‌లో ఆ సామాను కనీసం 6 నెలలు వాడి ఉంటేనే మినహాయింపు.

అటు నుంచి ఇటు వచ్చే కానుకల గురించి కూడా పిల్లలకు చెప్పండి. 2019 డిసెంబర్ నుంచి పోస్ట్, కొరియర్‌లలో ‘గిఫ్ట్’ పేరుతో సుంకం లేకుండా వస్తువులు రప్పించుకోవడం కుదరదు. ప్రాణాధార మందులకు, రాఖీకి మాత్రమే మినహాయింపు. పూర్తి సుంకం కడితే మిగతావి తీసుకోవచ్చు.

బుకింగ్ రసీదు మీది 13 అక్షరాల ట్రాకింగ్ నంబర్‌ను ఫొటో తీసి అందుకునేవాళ్లకు పంపండి. ‘కస్టమ్స్ వద్ద ఉంది’ అని కనిపిస్తే ఒకటి రెండు రోజులు మామూలే, అంతకు మించితే అందుకునేవాళ్లు అక్కడి తపాలా సంస్థను అడగాలి. ‘మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డబ్బు కట్టండి’ అంటూ ఫోన్ గానీ వీడియో కాల్ గానీ వస్తే పెట్టేయండి. కస్టమ్స్ శాఖ వ్యక్తిగత ఖాతాల్లోకి డబ్బు వేయమనదు. దాని నోటీసుల మీద డిన్ నంబర్, అంటే ఒక్కో నోటీసుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య ఉంటుంది, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సైట్‌లో సరిచూసుకోవచ్చు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో 1930 సైబర్ హెల్ప్‌లైన్ నంబర్‌ను ఫోన్ పక్కనే రాసి పెట్టండి.