పాత ఆటోమేటిక్ కారు కొంటున్నారా? గేర్‌బాక్స్‌ను ఇలా చూడండి

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ముందే చెప్పండి; కొన్ని లోపాలు వేడెక్కాక కనిపించవు. స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా నొక్కి, లీవరును పార్కు నుంచి రివర్సుకు, తర్వాత డ్రైవుకు మార్చండి. రెండు సెకన్లు దాటినా గేరు పడకపోతే, లేదా ధడేలున కుదిపితే అనుమానించాల్సిందే.

కాసేపు నడిపాక గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. దానికి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉంటే ఒక చుక్కను తెల్ల కాగితంపై వేయండి. సాధారణంగా అది ఎర్రగా, తేటగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు కాలి అరుగుతున్నట్టే. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే నీరు చేరింది. అలాంటి కారు ఎంత చవకగా వచ్చినా దయచేసి తీసుకోకండి.

డిప్‌స్టిక్ లేని మోడళ్లకు మెకానిక్ కింది నుంచి చూడాల్సిందే.